నిమ్మకాయంత పాతపిండి

ఇనస్పెక్టరు ఆనందరావుగారు బాన మీది గుడ్డ తొలగించి, తల వంచి రెండుసార్లు గట్టిగా వాసన పీల్చి, "ఇది కల్లు కాకపోతే మరేమిటమ్మా?" అని అడిగారు.

పోలమ్మ చేతులకి మోచేతుల దాకా మైదా అంటుకుని ఉంది. మద్యనిషేధం అమలు చూసే అధికారి ఒకరోజు తన పెరట్లోకి వచ్చి, రొట్టె పిండి బాన ముందు గొంతుక్కూర్చుంటారని ఆమె ఎన్నడూ ఊహించలేదు. ఆయన వెనక లాఠీ పట్టుకుని ఒక జవాను ఉన్నాడు. సాక్షిగా పిలిపించిన మునసబు బుచ్చిరాజుగారు అరటిచెట్టు నీడన నిలబడ్డారు. చూరు కింద స్తంభాన్ని ఆనుకుని ఉన్నవాడు ఆమె మొగుడు బంగారయ్య. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"పాతపిండండి," అందామె. "నిన్నటి పిండిలో కొంచెం అట్టే పెడతామండి. అది పులుస్తాదండి. ఇయ్యాళ్టి పిండిలో కలిపితే రొట్టె పొంగుతాదండి. పాలల్లో తోడేసుకున్నట్టేనండి."

"పెరుక్కి ఈ వాసన రాదు."

"పెరుగు వాసన పెరుగుదీ, పిండి వాసన పిండిదీనండి."

బుచ్చిరాజుగారు కండువాతో నోరు తుడుచుకున్నారు. "ఇదిగో ఇనస్పెక్టరుగారూ, ఈవిడ రొట్టె ఎంత పొంగుతుందో నాకు తెలీదు గానీ, నోరు మాత్రం ఏనాడూ అణగలేదండి," అన్నారు.

ఎవరూ నవ్వలేదు.

అది 1950, మాఘమాసం. మద్యనిషేధం వచ్చి రెండో ఏడు నడుస్తోంది. కొత్తపేట శివారులో, కాలవకి ఇవతల, బుచ్చిరాజుగారి కొబ్బరితోట చివర ఉన్న ఆ రెండు గదుల తాటాకిల్లు ఇప్పుడు పూర్తిగా రొట్టె మీద నిలబడి ఉంది. అంతకుముందు అది తాడిచెట్ల మీద నిలబడి ఉండేది. బంగారయ్య కల్లు తీసే గీతగాడు. నడుముకి మోకు బిగించి రోజుకి పదిహేను చెట్లెక్కి దిగేవాడు. చట్టం వచ్చిన రోజున అతని పని ఆగిపోయింది. ఆనాటి నుంచి దొరికిన రోజున కూలి, దొరకని రోజున అరుగు.

పోలమ్మ పుట్టింది గౌతమికి అవతలి ఒడ్డున, ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాంలో. తండ్రి పడవ నడిపేవాడు. తల్లి ఒక ఫరాసు దొరగారింట్లో నీళ్ళు మోసేది. పదకొండో ఏట పోలమ్మ ఆ ఇంటి వంటగదిలో గిన్నెలు తోమడానికి చేరి, ఆరేళ్ళు పనిచేసింది. అక్కడి వంటవాడు పుదుచ్చేరి నుంచి వచ్చిన ముసలాయన. వారానికి మూడుసార్లు మట్టిపొయ్యిలో పొడుగాటి రొట్టెలు కాల్చేవాడు. వాటి పైపెచ్చు గట్టిగా, ఎర్రగా ఉండేది. లోపల దూదిలా ఉండేది. ఆయన మూలనున్న పాతపిండి బానని చూపించి, "ఇది చస్తే మనిద్దరం ఇంటికి పోవడమే" అనేవాడు. రోజూ దానికి పిడికెడు పిండీ కాసిని నీళ్ళూ పోసి, పసిపిల్లకి కప్పినట్టు గుడ్డ కప్పేవాడు.

పెళ్ళై కొత్తపేట వచ్చాక పన్నెండేళ్ళు పోలమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళింది. రొట్టె మాట మరిచిపోయింది. యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై, రాజమండ్రి నుంచి లారీలో రావలసిన రొట్టె బూజు పట్టి రావడం మొదలైంది. అప్పుడు ఊళ్ళో ఆసుపత్రి డాక్టరుగారు యానాం రొట్టె చెయ్యడం ఎవరికైనా వచ్చా అని వాకబు చేశారు. ఆ పెరట్లో పొయ్యి లేచింది అందుకే. పోలమ్మ ఇటుకల గట్టు కట్టి, దాని మీద వెదురుగంప బోర్లించి, కాలవ ఒండ్రుమట్టిలో ఊక, తరిగిన గడ్డి, బెల్లంనీళ్ళు కలిపి తొక్కి, జానెడు మందాన మెత్తింది. మొదటిది బీటలు వారి కూలింది. రెండోది నిలిచింది.

జ్వరం వస్తే తప్ప ఆ ఊళ్ళో రొట్టె ముట్టేవారు కాదు. పోలమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధిలో నడిస్తే, "ఎవరికే, ఎన్ని రోజుల్నించే?" అని అరుగుల మీది ఆడవాళ్ళు అడిగేవారు. పెచ్చు మరీ గట్టిగా ఉందని డాక్టరుగారు మొదట్లో విసుక్కున్నారు. పెచ్చు గట్టిగా ఉంటే లోపలిది రెండు రోజులు చెడదనీ, పాలల్లో ముంచితే పళ్ళు లేనివాళ్ళు కూడా తినొచ్చనీ ఆమె పట్టుబట్టి నెగ్గింది. క్రమంగా ఆసుపత్రికి రోజుకి ఇరవైనాలుగు రొట్టెలు స్థిరపడ్డాయి. మైదా ఆసుపత్రి కోటాలోంచే వచ్చేది.

ఆ రోజుల్లో ఆమె పిండిలో కల్లే కలిపేది. ఇంట్లో కల్లుండగా పాతపిండి కోసం తంటాలెందుకు? నిషేధం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు పుదుచ్చేరి తాత పద్ధతి గుర్తుచేసుకుని, ఉత్త పిండీ నీళ్ళతో కొత్త బాన పెట్టింది. తొమ్మిదో రోజున అది పొంగింది. తన బతుకులో ఎవరి సాయమూ లేకుండా సాధించిన సంగతి అదొక్కటేనని ఆమె నమ్మకం.

ఇప్పుడు ఆ బాన ఆనందరావుగారి చేతిలో ఉంది.

"మూడు అర్జీలొచ్చేయి," అన్నారాయన. "రోజంతా పొగ, కల్లు వాసన, గీతగాడి ఇల్లు. బాన సీలు వేసి పరీక్షకి పంపుతాను. జవాబొచ్చేదాకా పొయ్యి వెలిగించకూడదు."

"జవాబెప్పుడొస్తాదండి?"

"నెల. రెణ్ణెల్లూ పట్టొచ్చు."

"బాబ్బాబు, మూడ్రోజులు మేత పెట్టకపోతే సచ్చిపోద్దండి."

"ఎవరు?"

"పాతపిండండి."

జవాను ఫక్కున నవ్వేడు. "పిండికి మేతేంటే అమ్మా? మరి పొద్దున్నే పాలు కూడా ఇస్తదా?"

ఆనందరావుగారు నవ్వలేదు. ఆయన అర్జీల్లో ఉన్నదంతా గుడ్డిగా నమ్మే మనిషీ కాదు, కన్నీళ్ళకి కరిగే మనిషీ కాదు. జేబులోంచి గడియారం తీసి చూశారు. పదిన్నర.

"అమలాపురం బస్సు ఆరింటికి. అందాకా నీకు టైమిస్తాను. ఈ బానలోంచి నిమ్మకాయంత పిండి తీసుకో. మిగతాది పారబోయిస్తాను. ఆసుపత్రి బస్తాలోంచి నా ఎదట పిండి తియ్యి, నూతి నీళ్ళు మావాడు తోడతాడు. కలిపేక ఎవరూ ముట్టుకోకూడదు. ఈ నిమ్మకాయంతలో కల్లున్నా ఉగ్గుగిన్నెడు ఉండదు. దాంతోనే పొంగి రొట్టె అయిందా, నీ మాట నిజం. లేదా, రోజూ కల్లు పోస్తున్నావన్నమాట. పొయ్యి పగలగొట్టించి కేసు రాస్తాను. సరేనా?"

"ఆయ్," అంది పోలమ్మ. ఇంకేమనగలదు?

జవాను బానని ఎత్తి కాలవగట్టు కింద కుమ్మరించాడు. ఏడాదిపైగా ప్రతిరోజూ మేపిన పిండి తెల్లగా, బుడగలు బుడగలుగా బురదలోకి జారింది. పోలమ్మ అటు చూడలేదు. అరచేతిలో మిగిలిన ఉండని చూస్తూ లెక్కవేసింది. మాఘం చలి. నిమ్మకాయంత ఉండతో సాయంత్రానికి ఎంత పిండి లేస్తుంది? సేరున్నర. అంతకన్న ఒక్క గుప్పెడు ఎక్కువైనా లేవదు. సేరున్నర మాత్రమే తీసుకుంది. ఉప్పు కూడా రోజూకన్న తగ్గించి, అరగంట పిసికి, బేసిన్లో పెట్టి గుడ్డ కప్పింది. జవాను బేసిన్ పక్కన ముక్కాలి పీట వేసుకుని, ఖైదీకి కాపలా ఉన్నట్టు లాఠీ అడ్డంగా పెట్టుకు కూర్చున్నాడు.

పన్నెండింటికి పొయ్యి రాజేయడానికి అనుమతి దొరికింది. కొబ్బరిపీచు డొక్కలూ ఎండు బొండాలూ పొయ్యి వెనక కుప్పగా ఉంటాయి. పోలమ్మ అక్కడికి వెళ్ళేసరికి బంగారయ్య కూడా డొక్కలు ఏరుతున్నట్టు వంగి ఆమె పక్కకి చేరాడు.

"పోలీ, అది పొంగదే."

"నోరు ముయ్యి మావా. ఎందుకు పొంగదు?"

"నేను రోజూ చిప్పెడు పోసేవోణ్ణి."

పోలమ్మ చేతిలో డొక్క ఆగిపోయింది. "ఏం పోసేవోడివి?"

"కాలవవతల ఒక్క చెట్టుంచుకున్నాను. తాగడానిక్కాదే, నీ మీదొట్టు. బాన కోసమే."

"ఎప్పట్నించి?"

"కొత్తగా పెట్టినప్పట్నించీ. ఆరో రోజున పొంగట్లేదని ఏడుస్తా కూచున్నావు గదా, ఆ రోజున పోసేను. తొమ్మిదో రోజుకి పొంగింది. నువ్వు ఎగిరి గంతేసేవు. మరింక ఆపితే ఏవవుద్దోనని ఆపలేదు."

తొమ్మిదో రోజు! ఊళ్ళో ఎంతమందికి చెప్పుకుందో! నా చేత్తో పెట్టేను, నా చేత్తో పెంచేను అని డాక్టరుగారి ఎదట కూడా అంది. ఇంతకీ తను కల్లు తాగే పిండిని మేపింది. నిన్నటిదాకా దానికి రోజూ చిప్పెడు అందింది. ఇవాళ ఒట్టి నీళ్ళు.

"ఇయ్యాళ్టిది ఇక్కడే ఉంది," బంగారయ్య గొంతు ఇంకా తగ్గించాడు. "ఆ పెద్ద బొండాం. మూతికి పీచు కుక్కేను. జవాను చుట్ట ఎలిగిచ్చుకుంటాడు గదా, అప్పుడు రెండు చుక్కలు..."

ఆమె కుప్పలోకి చూసింది. మిగతా బొండాల్లాంటిదే, కానీ మూతి దగ్గర తడి. జవాను లేచి వచ్చి కుప్పని లాఠీతో కెలికితే అంతే సంగతులు. పొయ్యి పోతుంది, బాన పోతుంది, మనిషి జైల్లో ఉంటాడు. పోనీ ఎవరూ చూడకుండా పోసింది అనుకుందాం. ఇవాళ గట్టెక్కుతుంది. రేపు మళ్ళీ అతను కాలవ దాటాలి, మళ్ళీ చెట్టెక్కాలి. ఏదో ఒక రోజు ఆ మోకుతోనే పట్టుకుంటారు.

పోలమ్మ ఆ బొండాన్ని నాలుగు డొక్కలతో కలిపి చంకనెత్తుకుని, పొయ్యి మూతి దగ్గరికి నడిచి, అన్నిటితోపాటు మంటలోకి తోసేసింది.

కాసేపటికి లోపల చుయ్యిమని పెద్ద చప్పుడైంది. తెల్లటి ఆవిరి మూతిలోంచి ఎగజిమ్మింది.

"ఏమిటా చప్పుడు?" ఆనందరావుగారు కుర్చీలోంచి లేచారు.

"పచ్చి డొక్కండి. నీరు కారతాదండి."

మాడిన బెల్లం వాసన పెరడంతా అలముకుంది. ఆనందరావుగారు ముక్కు ఎగరేసి, రెండడుగులు ముందుకి వేశారు. పోలమ్మ మంట ఎగదోస్తూనే ఉంది. ఆపితే అనుమానం వస్తుందని ఆపలేదు.

"మా తోట డొక్కలింతేనండి ఇనస్పెక్టరుగారూ," అన్నారు బుచ్చిరాజుగారు అరటిచెట్టు కిందనుంచి. "కాలిస్తే బెల్లం వాసన. మా ఇంట్లో నీళ్ళ పొయ్యి దగ్గరా ఇదే గొడవ."

ఆనందరావుగారు మునసబు వైపు ఒకసారి, మంట వైపు ఒకసారి చూసి, తిరిగి కూర్చున్నారు. బుచ్చిరాజుగారి వయసు అరవై దాటింది. కల్లు కాలితే ఏ వాసన వస్తుందో ఆయనకి తెలియకపోదు. ఆయన పోలమ్మ వైపు చూడలేదు.

రెండయింది. బేసిన్లో పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. మూడయింది. జవాను గుడ్డ కొస ఎత్తి చూసి, "పడుకుందండి. నిద్దర్లేపమంటారా?" అన్నాడు. గోదావరి మీదనుంచి చలిగాలి తిరిగింది. పోలమ్మకి ఇప్పుడు రెండు భయాలు. పిండి లేవదు, ఈలోగా పొయ్యి చల్లారుతుంది. మట్టిపొయ్యికి వేడి ఒక్కసారే ఎక్కించాలి. రొట్టె వేసేముందు నిప్పులన్నీ బయటికి లాగేయాలి, గోడలు దాచుకున్న వేడితోనే కాలాలి. తొందరపడి లాగితే పెచ్చు కట్టదు. ఆలస్యమైతే డొక్కలు చాలవు.

"బాబుగారండీ, ఒక్క మనవి. బేసిన్ తీసుకెళ్ళి పొయ్యి వీపు మీద పెట్టించండి. నేను ముట్టుకోనండి. మీరే పెట్టండి. చలికి ముడుచుకుపోయిందండి."

ఆయన ఒక క్షణం ఆలోచించి, తానే బేసిన్ ఎత్తి, పొయ్యి గుమ్మటం వెనక, గోరువెచ్చగా ఉన్నచోట ఆనించి పెట్టారు.

నాలుగింటికి జవాను గుడ్డ ఎత్తితే ఒక బుడగ కనిపించింది. శనగగింజంత. నాలుగుంబావుకి పిండి అంచులు బేసిన్ గోడని పట్టుకుని పైకి పాకాయి. నాలుగున్నరకి ఒకటికి ఒకటిన్నర అయింది. రెండింతలు కావాలి.

"ఇంకో గంటిప్పించండి బాబూ."

"ఆరింటికి బస్సు. ఇక నీ ఇష్టం."

పొంగీ పొంగని పిండినే ఆమె బయటికి తీసింది. ముందుగా నిమ్మకాయంత గిల్లి అరిటాకు మీద పెట్టి, "ఇది అట్టే పెట్టుకోవచ్చాండి?" అని అడిగింది.

"ముందు రొట్టె కానీ. తర్వాత చూద్దాం."

నాలుగు పొడుగు రొట్టెలు చుట్టింది. నిప్పులు లాగి, తడి గోనెతో నేల తుడిచి, గుప్పెడు పిండి లోపలికి చల్లి లెక్కపెట్టింది. ఇరవై అనేసరికి పిండి ఎర్రబడింది. వేడి సరిపోయింది. రొట్టెల మీద గాట్లు పెట్టడానికి పోలమ్మ మొగుడి గీతకత్తి అందుకోగానే ఆనందరావుగారి చూపు దాని మీద పడింది.

"చెట్లు మానేసి ఏడాది దాటింది గదా. కత్తి తళతళలాడుతోందేం?" అని బంగారయ్యని అడిగారు.

పోలమ్మ తలెత్తలేదు. "మొద్దుకత్తితో కోస్తే పిండి అణిగిపోద్దండి. రోజూ నేనే నూరుకుంటానండి," అని, ఒక్కొక్క రొట్టె మీద మూడేసి గాట్లు ఏటవాలుగా గీసింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పడవ తెడ్డు మీద రొట్టెలు పెట్టి లోపలికి జార్చి, చెంబెడు నీళ్ళు వెనక గోడ మీదికి విసిరి, ఆవిరి బయటికి రాకుండా పలక అడ్డం పెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తింది.

ఆ అరగంటా జవాను కూడా చుట్ట ముట్టించలేదు.

అయిదూ ఇరవైకి పోలమ్మ మట్టి పగలగొట్టి పలక తీసింది. నాలుగూ రోజూవాటికన్న చిన్నవి. ఒకటి పక్కకి పగిలింది. కానీ గాట్లు పువ్వుల్లా విచ్చుకున్నాయి, పెచ్చు ఇటుకరంగు తిరిగింది. చల్లగాలి తగలగానే చిటపటమని సన్నగా చప్పుడు చేయడం మొదలుపెట్టాయి. ఆనందరావుగారు వంగి ఆ చప్పుడు విన్నారు. ఒకదాన్ని విరిచారు. లోపల గూళ్ళు గూళ్ళుగా ఉంది. చిన్న ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు.

"పులుపుంది. కల్లు లేదు," అని పుస్తకం తీసి రాసుకున్నారు. మునసబుగారు సంతకం పెట్టారు. మిగిలిన సగం రొట్టె జవాను కండువాలోకి వెళ్ళింది. "ఆ ముద్ద దాచుకో అమ్మా," అని ఆనందరావుగారు బస్సుకి బయల్దేరారు.

వాళ్ళు గట్టు మలుపు తిరిగారో లేదో బంగారయ్య పోలమ్మ భుజాలు పట్టుకుని కుదిపేశాడు. "గెలిచేవే పోలీ! ఏవీ లేకుండానే పొంగిందే!"

"ఏవీ లేకుండానా?" అంది పోలమ్మ. "ఆ నిమ్మకాయంతలో నిన్నటి నీ కల్లు లేదా మావా?"

అతను చేతులు తీసేశాడు.

"ఒక్కరోజు పొంగితే ఇనస్పెక్టరుగారు నమ్ముతారు. నేను నమ్మను. వారం చూస్తాను. మోకు అటకెక్కించు. ఈసారి బానలో చెయ్యి పెట్టావంటే నేనే వెళ్ళి అర్జీ పెడతాను."

రెండో రోజు రొట్టె బాగానే ఉంది. మూడో రోజు అణిగింది. నాలుగో రోజు ఆసుపత్రి కాంపౌండరు ఆరు రొట్టెలు వెనక్కి పంపి, తినడానికి పంపిందా, గోడ కట్టుకోడానికి పంపిందా అని కబురు పెట్టాడు. అయిదో రోజున బానలో పిండి మీద బూడిదరంగు నీళ్ళు తేలాయి. బంగారయ్య ఆ నీళ్ళు చూసి, "ఇంకా పంతమేనా?" అన్నాడు. అటక వైపు చూడకుండా ఉండలేకపోయాడు. రేపటి నుంచి రాజమండ్రి రొట్టె తెప్పించుకోమంటారా అని డాక్టరుగారు మర్యాదగానే అడిగించారు. రెండు రోజులు గడువిమ్మని పోలమ్మ స్వయంగా వెళ్ళి అడుక్కుంది.

ఇంటికొచ్చి, పైనీళ్ళు వంపేసి, అడుగున మంచివాసన ఉన్న కొద్దిపాటి పిండి తీసి కొత్త బానలో వేసింది. రోజుకి ఒక మేత కాక రెండు పెట్టింది. బానని మూలన కాక, పొయ్యి వీపుకి ఆనించి ఉంచింది. ఆరో రోజు రొట్టె చెయ్యలేదు. ఏడో రోజు పొద్దున్న పిండి కలిపి, గుడ్డ కప్పి, దాని వైపు చూడకుండా పెరడంతా ఊడ్చింది.

మధ్యాహ్నం బంగారయ్య కూలినుంచి వచ్చేసరికి ఆమె బేసిన్ ముందు కూర్చుని ఉంది. గుడ్డ బేసిన్ అంచు దాటి పైకి లేచింది. అతను గుడ్డ తీసి, పిండిలో వేలు గుచ్చాడు. గుంట నెమ్మదిగా పూడి, తిరిగి నున్నగా అయింది.

అతను వేలు పంచెకి తుడుచుకున్నాడు. "అయితే నాతో పన్లేదన్నమాట," అన్నాడు.

"చేతులు కడుక్కురా," అంది పోలమ్మ. "నా రెక్కలు పడిపోయేయి. ఇరవైనాలుగూ చుట్టాలి."

అతను కడుక్కొచ్చి, పిండి ముద్దని రెండు చేతులా ఒడిసిపట్టుకుని, బలంకొద్దీ బిగించాడు.

"అది చెట్టు కాదు మావా," అందామె. "వదులుగా పట్టుకో."